ముట్టుకోని కాఫీ

ఆ పొద్దున అబూ జరీర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బ్యాంకు నుంచి వచ్చే కుర్రాడికి ఫ్యాక్టరీ చూపించాలి, మధ్యాహ్నం మాంసం, అన్నం కలిపి వండే మన్సఫ్ పెట్టాలి, సాయంత్రానికి అప్పు ఖాయం చేయించుకోవాలి. మన జర్కా ఊళ్ళో ఆయన హల్వాకి పేరుకేం కొదవ లేదు గానీ, నువ్వులు రుబ్బే మర ముసలిదైపోయింది. అది రంజాన్ దాకా కూడా లాగదు. అప్పు రాకపోతే ఫ్యాక్టరీ మూసుకోవడమే.

బ్యాంకు నుంచి వచ్చిన కుర్రాడు ముతసిమ్‌ని అప్పు కన్నా ఒక సందేహం ఎక్కువగా పట్టుకుంది. ఇక్కడ అమ్మకాలు ఏటా పెరుగుతున్నాయి, లాభం ఏటా తగ్గుతోంది. నువ్వుల ధర వల్లా? పక్క వీధి ఫ్యాక్టరీ కూడా అవే నువ్వులు కొంటుంది. కరెంటా, జీతాలా? అక్కడా అంతే. వాళ్ళ మర ఇంకా పాతది, అయినా హాయిగా సంపాదిస్తున్నారు. ఇదేం చిత్రమబ్బా అనుకుంటూ కాగితాల్లో తల దూర్చాడు. ముందు పెట్టిన కాఫీ ముట్టుకోలేదు.

అది చూసి అబూ జరీర్ గుండె గుభేలుమంది. అతిథి కప్పు ముట్టుకోలేదంటే మనసులో ఏదో కోరిక ఉన్నట్టే. ఇంటాయన సరేననేదాకా తాగడు. తాతల నాటి మర్యాద అది, కాదంటే పరువు పోతుంది.

"ఇచ్చేశాను నాయనా, తాగు," అన్నాడు.

లెక్కల కాగితాల సంగతేమో అనుకున్నాడు ముతసిమ్. "సంతోషమండీ," అని మళ్ళీ తల దించుకున్నాడు.

అబూ జరీర్ బయటికొచ్చి తమ్ముడు సలామేని పట్టుకున్నాడు. "ఒరేయ్, ఏదో ఇచ్చేశాను. ఏమిచ్చానో తెలియట్లేదు."

"ఫ్యాక్టరీలో వాటా అయ్యుంటుంది. బ్యాంకు వాళ్ళు ఊరికే వస్తారా?"

"ఎంతో మర్యాదగా సంతోషమండీ అన్నాడ్రా."

"అయితే మన అమ్మాయి నిబాల్‌ని అడుగుతున్నాడేమో. అతని వేలికి పెళ్ళి ఉంగరం కూడా లేదు."

ఈ మాట ఫ్యాక్టరీ మేడ మీదే ఉన్న ఇంట్లో అబూ జరీర్ భార్య చెవిన పడింది. ఇంకేముంది, పైనుంచి ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ పెట్టే పెళ్ళికూతలు మొదలయ్యాయి. పనివాళ్ళు మర ఆపేసి అభినందించడానికి పరుగెత్తుకొచ్చారు. సలామే అటకెక్కి హల్వా డబ్బాలు దించి పంచిపెట్టాడు. పెనంలో వేగుతున్న నువ్వుల్ని అందరూ మరిచిపోయారు పాపం. క్షణాల్లో ఫ్యాక్టరీ అంతా పొగ కమ్మింది.

ఆ పొగలోంచి దగ్గుకుంటూ నిబాల్ వచ్చింది. అమ్మకాలు చూసుకునేది ఆ అమ్మాయే. "నాన్నా, నన్నెవరికి ఇచ్చేశారు?"

అబూ జరీర్ ముతసిమ్ వైపు చూపించాడు. ముతసిమ్ ముఖం పాలిపోయింది. "నేనేం అడగలేదండీ. పొద్దున తిన్న ఫలాఫెల్ వడలు గుండెల్లో మండుతుంటే కాఫీ తాగలేదు, అంతే. దానికే కూతుర్ని ఇచ్చేస్తారా?"

"కూతుర్ని ఇవ్వడం ఇదే మొదలు," అంది నిబాల్. "మిగతావన్నీ రోజూ ఇస్తూనే ఉంటారు. నిన్న ఇర్బిద్ ఊరి వ్యాపారి కప్పు ముట్టుకోలేదు, ధర తగ్గించారు. మొన్న నువ్వుల దళారి ముట్టుకోలేదు, ఎక్కువ పెట్టి కొన్నారు. ఊరందరికీ తెలుసు ఈ కిటుకు."

ముతసిమ్ కళ్ళు మెరిశాయి. "పక్క వీధి వాళ్ళు కాఫీ ఇవ్వరా?"

"వాళ్ళా? మంచినీళ్ళు అడిగినా వినబడనట్టుంటారు."

అప్పు వచ్చింది, ఒకే ఒక్క షరతుతో. అది తీరేదాకా ఆ భవనంలో, కింద గానీ పైన గానీ, ఎవరికీ కాఫీ ఇవ్వకూడదు. అబూ జరీర్ పన్ను పీకించుకుంటున్న వాడిలా సంతకం పెట్టాడు. కొత్త మర వచ్చింది, రంజాన్ వచ్చింది, ఎన్నో ఏళ్ళకి లాభం కూడా ఇంటికొచ్చింది. మర ఎలా ఉందో చూసే నెపంతో ముతసిమ్ వారం వారం వస్తూనే ఉన్నాడు. నిబాల్ దగ్గరుండి చూపిస్తూనే ఉంది.

పండుగ వెళ్ళాక అతను పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఈసారి నిజంగానే అడగడానికి. అతని పెదనాన్న గొంతు సవరించుకుని, కప్పు కోసం అలవాటుగా చెయ్యి చాపాడు. నిబాల్ నవ్వాపుకుంటూ నిమ్మరసం తెచ్చి పెట్టింది.

"కాఫీ ఏదమ్మా? కప్పు లేకుండా ఎలా అడగమంటావు?" అన్నాడాయన.

"మీ అబ్బాయినే అడగండి. షరతు రాసింది తనే."

"నేనివ్వడానికి సిద్ధమే," అన్నాడు అబూ జరీర్ దిగులుగా, "ఆ అడిగేదేదో పద్ధతిగా అడగాలి కదా."

ముతసిమ్ నిమ్మరసం వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పు తీరడానికి ఇంకా నాలుగేళ్ళుంది.