రెప్ప వెయ్యని ఊరు

ఆ శనివారం పొద్దున్న సైలస్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి సచివాలయం ఉద్యోగి రవిబాబు రేషను కార్డులకి ఫోనుతో చేసే ముఖం తనిఖీకి రేగుపుట్టు వస్తాడు. ఊరంతటికీ ఫోను సిగ్నల్ అందేది బడి వరండాలోనే కాబట్టి అక్కడే కూర్చుంటాడు. కాఫీ తోటల పని మానుకుని ముసలివాళ్ళంతా తమంతట తామే బడికి వస్తారు. వచ్చినవాళ్ళని వచ్చినట్టు ఫొటో తీసేస్తే, 'మా ఊరి పెద్దలు' అని బడి గోడకి పెట్టాలనుకున్న నలభై ఒక్క పటాలూ ఒక్క పూటలో తయారు. పన్నెండేళ్ళుగా ఆ బడిలో పాఠాలు చెబుతున్న మనిషికి, గోడ మీద గ్రహాలూ పళ్ళూ కూరగాయలూ ఉండి ఊరివాళ్ళు లేకపోవడం ఈ మధ్యనే తప్పుగా తోచింది.

ఇంత మంచి ఆలోచన వెనక ఒక లెన్స్ కూడా ఉంది. పది రోజుల కిందట విశాఖలో మూసేస్తున్న ఓ స్టూడియోలో పాత లెన్స్ కొని, తన మిర్రర్‌లెస్ కెమెరాకి బిగించుకున్నాడు. దాని ఎపర్చర్ 1.2. పొగచూరిన గుడిసెలో కూడా పట్టపగల్లా తీస్తుంది. కానీ తనంతట తాను ఫోకస్ చేసుకోదు, చేత్తో రింగు తిప్పుకోవాలి. పైగా పూర్తిగా తెరిచి దగ్గర్నుంచి తీస్తే స్పష్టంగా వచ్చేది బియ్యపు గింజంత మేర. కనురెప్ప వస్తే చెవి రాదు, ముక్కు వస్తే మనిషి రాడు.

"దానంతటదే ఫోకస్ చేసుకునే లెన్స్ ఇంట్లో ఉంది కదండీ. దాంతో బేగి అయిపోద్ది," అంది లిదియా, టీ గ్లాసు భర్త చేతికిస్తూ.

"అది మిషన్ తీసే ఫొటో. ఇది మనిషి తీసేది. ఆగి చూస్తేనే వస్తాది."

"మీరాగుతారు. ఆళ్ళు ఆగొద్దా?"

పెళ్ళాం మాట కాబట్టి దాన్ని అక్కడే వదిలేసి మాస్టారు బడికి నడిచాడు.

వరండాలో అందరికంటే ముందు గంగ కూర్చుని ఉంది. డెబ్భై దాటిన ఒంటి మనిషి. నలభై ఏళ్ళు కాఫీ పళ్ళు కోసి కోసి ఆమె వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర మిషన్ ఆమెని ఏనాడో మరిచిపోయింది. ఇక ముఖమే దిక్కు. ఈ రోజు సాయంత్రం ఐదు లోపల ఫోను ఆ ముఖాన్ని ఒప్పుకోకపోతే కార్డులోంచి పేరు తీసేస్తారు. నెలనెలా వచ్చే ఆ బియ్యం తప్ప గంగకి వేరే ఆధారం లేదు. అందుకే కోడి కూయకముందే తలకి నూనె రాసుకుని వచ్చేసింది.

రవిబాబు జాడ లేదు. దారిలో బండి టైరు పంచరైందని కబురు మాత్రం వచ్చింది. మాస్టారికి పండగే అనిపించింది.

"మామ్మా, ఇటు చూడు. కదలొద్దు."

కెమెరా తెర మీద ఎర్ర గీతలు మిలమిలా మెరుస్తాయి. ఎక్కడ ఎర్రబడితే అక్కడ ఫోకస్ కుదిరినట్టు. మాస్టారు రింగుని గోరంత గోరంతగా తిప్పి, ఎరుపుని గంగ ముక్కుపుడక మీంచి రెప్పల మీదికి తెచ్చి నొక్కాడు. అతని వేలు కదలడం చూడగానే గంగ రెప్ప టపీమని పడింది. మళ్ళీ తీశాడు. మళ్ళీ పడింది. ఇరవైసార్లు తీస్తే ఇరవైసార్లూ గంగ హాయిగా నిద్రపోతున్నట్టే వచ్చింది.

"రెప్ప వెయ్యకు మామ్మా! ఇదిగో, ఈ ఎరుపు కంటి మీదకొస్తే పని అయినట్టే. రెప్ప వేస్తే మొత్తం పాడు. ఊపిరి బిగబట్టి రాయిలా ఉండు."

"ఊపిరి బిగబడితే సచ్చిపోనేటి మాస్టరూ?"

"ఒక్క క్షణమే."

తరవాత పైడయ్య తాత వచ్చాడు. అతనిదీ అదే తంతు. ఊరు మొత్తానికీ అదే జబ్బు. మాస్టారికి మాస్టారితనం పొంగుకొచ్చింది. అందరినీ వరసగా కూర్చోబెట్టి, ఎక్కాలు చెప్పించినట్టు రెప్ప వెయ్యకుండా ఉండటం సాధన చేయించాడు. అరగంటలో రేగుపుట్టు పెద్దలు కళ్ళు పత్తికాయల్లా విప్పుకుని, ఊపిరి బిగబట్టి కూర్చోవడం నేర్చేసుకున్నారు. అతను వేలు కదిపితే మాత్రం రెప్పలు ఇంకా పడుతూనే ఉన్నాయి. అయినా ఎరుపు కనబడినవాళ్ళని చాలు, వెళ్ళమన్నాడు.

వరండాలోంచి వెళ్ళమని అతని ఉద్దేశం. ఇళ్ళకి వెళ్ళమని వాళ్ళకి అర్థమైంది. వాళ్ళ తప్పేమీ లేదు. జనాభా లెక్కలు, ఓటర్ల జాబితా, పశువుల లెక్క, అన్నీ ఆ ఊళ్ళో మాస్టారే చేశాడు. రవిబాబు రాలేదు గనక ఈ పనీ ఆయనకే అప్పజెప్పారనుకున్నారు.

పదకొండింటికి రవిబాబు చెమటలు కక్కుతూ వచ్చేసరికి వరండాలో ఉన్నది తొమ్మిది మంది.

"మిగతా వాళ్ళేరి?"

"ఆళ్ళకి ఎర్రగొచ్చేసినాది బాబూ. అయిపోనాది," అన్నాడు పైడయ్య.

"ఎర్రగొస్తే ఫెయిలు తాతా! పచ్చగా రావాల! మాస్టారూ, ఏటి సేసేరండీ ఈళ్ళని?"

మాస్టారు పరుగున వెళ్ళి బడి గంట కొట్టాడు. సెలవుపూట గంటేమిటని ఎవరూ కదల్లేదు. ఆపకుండా కొట్టాడు. అప్పుడు మాత్రం బడి తగలబడుతోందనుకుని జనం నీళ్ళ బిందెలతో పరిగెత్తుకొచ్చారు. ముందు వచ్చిన ఇద్దరు ఎందుకైనా మంచిదని రవిబాబు కాగితాల మీద పోసేశారు. అవి ఆరి, కొండ మీది ఇళ్ళకి వెళ్ళినవాళ్ళు కూడా దిగేసరికి రెండయింది.

రవిబాబు స్టూలు మీద కూర్చుని ఫోను పైడయ్య ముఖానికి ఎదురుగా పెట్టాడు. కళ్ళు ఆర్పమని తెర మీద పడింది.

"రెప్ప వెయ్యమంటంది తాతా."

పైడయ్య ఊపిరి బిగబట్టాడు. కళ్ళు పత్తికాయలయ్యాయి. ఎర్ర వలయం వచ్చింది. కింద అక్షరాలని రవిబాబు పైకే చదివేశాడు.

"సజీవ వ్యక్తి కనబడలేదు."

వరండా గొల్లుమంది. పైడయ్య బతికి లేడన్న కబురు మెట్లు దిగేలోపే అతని చెల్లెలు ఏడుపందుకుంది. పైడయ్యే వెళ్ళి ఓదార్చాల్సి వచ్చింది. తరవాత కూర్చున్న నలుగురూ అలాగే పోయారు.

"రెప్ప వెయ్యండర్రా, పరవాలేదు!" అని మాస్టారు అరిచాడు.

"పొద్దున్న వొద్దన్నారు. ఇప్పుడు వెయ్యమంతన్నారు. ఏ మాట నమ్మాల?" అని వరసలోంచి ఎవరో అడిగారు.

గంగ వంతు వచ్చింది. మొదటిసారి రెప్ప వెయ్యలేదు. రెండోసారి మాస్టారు బతిమాలితే రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని మళ్ళీ తెరవలేదు. రెండుసార్లూ ఎరుపే. మూడోసారి కూడా తప్పితే ఆ కార్డు రేపటిదాకా తెరుచుకోదని రవిబాబు మెల్లిగా చెప్పాడు. గడువు ఇవాళే.

గంగ తన చేతులు చూసుకుంది.

"యేళ్ళ మీద గీతల్లేవన్నారు, సరే అన్నాను. ఇప్పుడు పేణమే లేదంటన్నారు. ఇంకేటి సూపించమంతారు నాయనా?"

మాస్టారికి చచ్చేంత సిగ్గేసింది. స్పష్టమైన ఫొటో కావాలని తానే ఈమెని రాయిని చేశాడు. ఒక రెప్పపాటు పోగొట్టుకున్నందుకు మనిషి అన్నం పోతోంది. ఏం చెయ్యాలో తోచక, అలవాటుగా మెడలో ఉన్న కెమెరా మీద చెయ్యి వేశాడు. అంత దుఃఖంలోనూ గంగ ఆ చేతివంక చూసింది. రెప్ప అదిరింది.

మాస్టారు గబుక్కున రవిబాబు వెనక్కి వెళ్ళి నిలబడి కెమెరా ఎత్తాడు.

"మామ్మా, ఆ ఫోను సంగతి ఒదిలెయ్. నేను ఫొటో తీత్తన్నాను. రెప్ప మాత్రం వెయ్యకేం!"

"సచ్చినా వెయ్యను," అంది గంగ పౌరుషంగా.

మాస్టారు వేలు నొక్కాడు. టపీమని రెప్ప పడింది. ఫోనులో పచ్చ వలయం వెలిగింది.

"బతికేసింది!" అని రవిబాబు స్టూలు మీంచి ఎగిరాడు.

గంగ మాత్రం మొహం చిన్నబుచ్చుకుంది. "ఓలమ్మ, మళ్ళీ వేసేసినాను మాస్టరూ. మీ ఫొటో పాడైపోనాది."

పావుతక్కువ ఐదుకల్లా నలభై ఒక్కమందీ వరసగా కూర్చుని, రెప్ప వెయ్యనని ఎవరికివారు ఒట్టుపెట్టుకుని, మాస్టారు వేలు నొక్కగానే ఒక్కొక్కరే బతికి లేచారు.

సాయంత్రం లిదియా పక్కన కూర్చుంటే మాస్టారు ఫొటోలు తెరిచాడు. హడావిడిలో, పొద్దున్న దగ్గరికి తిప్పిన రింగుని మళ్ళీ ముట్టుకోనేలేదు. స్టూలు కదల్లేదు, ఎగిరిన రవిబాబూ మళ్ళీ దాని మీదే కూలబడ్డాడు. నలభై ఒక్క ఫొటోల్లోనూ పుట్టుమచ్చతో, మూడు వెంట్రుకలతో, అద్దంలా స్పష్టంగా ఉన్నది రవిబాబు కుడి చెవి. దాని వెనక మంచులో మనుషుల్లా, కళ్ళు మూసుకున్న ఊరు. లిదియా కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మాస్టారు తుడిచేద్దామనుకుని, ఒక్కొక్కటే చూస్తూ ఎందుకో ఆగిపోయాడు.

సోమవారం గంగ వచ్చి తన ఫొటో చూసుకుంది.

"ఇంకోటి తీస్తాను మామ్మా. ఇంట్లో ఉన్న ఆ రెండో లెన్స్‌తో. బాగా వస్తాది," అన్నాడు మాస్టారు.

"వొద్దు. నాను అంత సేపు కళ్ళు తెరిసి సూత్తే నమ్మనేదు ఆళ్ళు. ఇందులో బతికున్నాను. ఇదే పెట్టండి."

గోడకి అదే పెట్టాడు. బడికొచ్చిన వాళ్ళెవరైనా ఈ చెవి ఎవరిదని అడిగితే గంగ తడుముకోకుండా చెబుతుంది.

"సర్కారుది బాబూ. ఇన్నేళ్ళకి ఇంత దగ్గరగా దొరికినాది."