తాత్కాలిక నిర్దోషి

పున్నయ్య క్యాంపు హాకీ సంఘం అధ్యక్షులు విజయకుమార్ గారు, తమ జట్టులోకి ఇకమీదట మచ్చ ఉన్న మనిషిని అడుగు పెట్టనివ్వనని ప్రకటించారు. ప్రకటన ఆయన సొంత రైస్ మిల్లు ముందు, షామియానా కింద జరిగింది. బాళగనూరు చుట్టుపక్కల క్యాంపుల నుంచి వచ్చిన జనం చప్పట్లు కొట్టారు. టిఫిను ప్రకటన తర్వాతేనని ముందుగానే చెప్పి ఉంచారు గనుక మధ్యలో ఎవరూ లేచి వెళ్లలేదు.

కృష్ణా జిల్లా నుంచి ఈ కన్నడ నేలకు వలస వచ్చి, క్యాంపు వేసుకుని ఈ కాలువ కింద మొదట నాగలి పెట్టిన పున్నయ్య గారికి ఆయన మనవడు. తాత పేరు ఊరికి ఉంది. తన పేరు కూడా దేనికో ఒకదానికి ఉండాలని మనవడికి అనిపించడం సహజం. ఈసారి తాలూకా పంచాయతీ టికెట్ ఆయనకే రావాలని క్యాంపులో అందరూ అనుకుంటున్నారు. అనుకోమని ఆయనే చెప్పారు.

సింధనూరు నుంచి వచ్చిన యూట్యూబ్ చానల్ అమ్మాయి స్ఫూర్తి మైకు ముందుకు చాపింది.

"సార్, మరి రంగా సంగతి? కోర్టు నిర్దోషి అంది కదా?"

రంగా ఆ జట్టుకు సెంటర్ ఫార్వర్డ్. పక్క ఊరివాడు, ట్రాక్టర్ తోలుతాడు. రెండేళ్ల కిందట కాలువ గేటు కాసే లస్కరు మంజునాథ్‌ను ఎవరో కాలు విరిగేలా కొట్టి కాలువలోకి తోశారు. ఆ రోజుల్లో చివరి ఆయకట్టు పొలాలకు నీళ్లందక నారు ఎండుతోంది. వంతు రాకుండా గేటు ఎత్తనని మంజునాథ్ భీష్మించుకున్నాడు. విజయకుమార్ గారి పొలాలు కూడా ఆ చివరనే ఉండడం కాకతాళీయం. గేటు పక్కన దొరికిన హాకీ కర్ర మీద రంగా పేరు చెక్కి ఉంది. హత్యాయత్నం కేసు పెట్టి రంగాను పట్టుకుపోయారు. నెల కిందట కోర్టు ఆ కేసు కొట్టేసింది.

విజయకుమార్ గారు అమ్మాయి వంక జాలిగా చూశారు.

"చూడమ్మా, కోర్టు కోర్టే, క్యారెక్టర్ క్యారెక్టరే. ఒక మనిషిని నిర్దోషి అని కోర్టు చెప్పాల్సొచ్చిందంటే ఏదో ఉన్నట్టే కదా? నేను ఇన్నేళ్ల నుంచి పబ్లిక్‌లో ఉన్నాను. నన్ను ఏ కోర్టయినా ఎప్పుడైనా నిర్దోషి అందా?"

"లేదు!" అన్నారు జనం.

"అదీ క్యారెక్టర్ అంటే."

తర్వాత ఉప్మా పెట్టారు.

*

మచ్చలేని జట్టు, ఏటా క్యాంపు జరిపే టోర్నమెంటుకు ముందుగా, ఆ ఆదివారమే దేవదుర్గ వాళ్లతో ప్రాక్టీసు మ్యాచ్ ఆడింది. రంగా స్థానంలో విజయకుమార్ గారి బావమరిదిని నిలబెట్టారు. అతడి మీద చిన్న మచ్చ కూడా లేదు. ఆట అయ్యేసరికి బనియను మీద సైతం లేదు. బంతి ఒకవైపు వస్తే అతడు రెండోవైపు హుందాగా తప్పుకున్నాడు. దేవదుర్గ వాళ్లు గోల్స్ వేసి వేసి, చివరికి వాళ్లే మొహమాటపడి ఆపేశారు.

సాయంత్రానికి పార్టీ జిల్లా నాయకుడు బసవలింగప్ప ఫోన్ చేశాడు. టికెట్లు పంచేది ఆయనే.

"ఏన్రీ విజయకుమార్, టోర్నమెంటుల ముదగల్ వాళ్ల మీద గూడ గిట్లనే ఆడుతరా? కప్పు నా చేతి మీదుగ ఇయ్యాలె. ఓడిపోయినోని పక్కన నిలబడి నేను ఫోటో దిగాల్నా?"

"అబ్బే, లేదండీ. ఈలోపు క్యారెక్టర్ విషయం పునఃపరిశీలిస్తున్నామండీ" అన్నారు విజయకుమార్ గారు. అప్పటికి రెండు క్షణాల ముందు దాకా అలాంటి పరిశీలన ఏదీ లేదు. ఫోన్ పెట్టేసరికి ఉంది. నాయకత్వ లక్షణం అంటే అదే.

*

క్యారెక్టర్ కమిటీ రైస్ మిల్లు ఆఫీసు గదిలో కూర్చుంది. విజయకుమార్ గారు అధ్యక్షులు. రాయచూరు బజారు నుంచి వచ్చి క్యాంపులో ఎరువుల దుకాణం పెట్టుకున్న కిష్టయ్య ఒక సభ్యుడు. ఆటగాళ్ల బనియన్లు అతడే కుట్టిస్తాడు గనుక, క్యాంపు పేరు కన్నా అతడి దుకాణం పేరు వాటి మీద పెద్దదిగా ఉంటుంది. మూడో సభ్యురాలు బుల్లెమ్మ, పంచాయతీ మాజీ మెంబరు, విజయకుమార్ గారికి మేనత్త. తల్లి లేని ఆయన్ని చిన్నప్పటి నుంచి పెంచింది ఆవిడే.

రంగాను పిలిచారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఏరా, నువ్వు మంజునాథ్‌ని కొట్టావా?" అన్నారు అధ్యక్షులు.

"లేదు సార్."

"మరి కోర్టు ఏమంది?"

"అది గూడ లేదనే అన్నది సార్."

కిష్టయ్య గడ్డం గోక్కున్నాడు. "ఇద్దరు ఒక్కటే మాట చెప్తున్నరంటే ముందే మాట్లాడుకున్నరేమో సాబ్."

కమిటీ ఈ కోణాన్ని గంభీరంగా పరిశీలించింది.

"సరే, నీ కర్ర అక్కడికెట్లా వెళ్లింది?" అన్నారు విజయకుమార్ గారు.

"కర్రలన్ని ఎప్పుడు మీ జీపులనే ఉంటయి గద సార్."

అందరూ ఫ్యాను వంక చూశారు. కరెంటు లేదు. అయినా చాలాసేపు చూశారు.

"ఇది ఇక్కడ అప్రస్తుతం" అన్నారు విజయకుమార్ గారు. "బాధితుణ్ణి పిలవండి."

మంజునాథ్ కుంటుకుంటూ వచ్చాడు. కుడికాలు నేల మీద సగమే ఆనిస్తాడు. వాళ్ల ఇంట్లో కన్నడం. బయట మాట్లాడే తెలుగు ఈ నేల తెలుగే.

"ఎవరు కొట్టారయ్యా నిన్ను?"

"ఇంక తెల్లారలే సార్, చీకటి. మొగం కానరాలే. ఎదురుంగ నిలబడి కొట్టిండు. దెబ్బ గీ కుడికాలికి పడింది. రంగ కుడిచేతోడు గద, ఎదురుంగ నిలబడి కొడితే నా ఎడమకాలికి పడాలె. జడ్జి సాబ్ గూడ గదే అన్నరు. కొట్టినోడు ఎడమచేతి వాటమోడు అని."

విజయకుమార్ గారు అప్పుడే టీ గ్లాసు నోటి దాకా తెచ్చుకున్నారు. దాన్ని తాగకుండా కుడిచేతిలోకి మార్చుకున్నారు.

"అదేంట్రా!" అంది బుల్లెమ్మ. "ఎడంచేత్తో తాగకురా, ఎడంచేత్తో ఇవ్వకురా అని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. ఇన్నాళ్లకి ఇవాళ దానంతటదే మారిందే!"

"వేడిగా ఉందత్తా."

"ఇంకొకటి సార్" అన్నాడు మంజునాథ్. "కర్ర సాపు దిక్కు కాదు, గుండ్రం దిక్కు తగిలింది. డాక్టర్ చూపిచ్చిండు."

రంగా మొహం మొదటిసారి బాధగా మారింది. "గుండ్రం దిక్కుతోని కొడితే ఫౌల్ సార్. నేను జిందగీల గట్ల కొట్టలే."

హాకీలో కర్రకు ఒకవైపే సాపుగా ఉంటుంది. కుడిచేతివాళ్లకే చేస్తారు. ఎడమచేతివాటం వాడు తన వాటంగా చేతులు మార్చి పట్టుకుంటే గుండ్రటి వీపే బంతికి తగులుతుంది. ఆ దెబ్బ తనదనడం రంగాకు పెద్ద అన్యాయంగా తోచింది. కొట్టాడని కేసు పెట్టినా ఊరుకున్నాడు గాని, అట్లా కొట్టాడంటే మాత్రం ఊరుకునేలా లేడు.

బుల్లెమ్మ కొంగు బిగించుకుంది. "సరే, వీడు కొట్టలేదు. అయితే కొట్టిందెవడ్రా?"

"అత్తా, ఆ ప్రశ్న మన కమిటీ పరిధిలోకి రాదు."

మంజునాథ్‌నూ రంగానూ బయట నిలబడమన్నారు. కిష్టయ్య కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు.

"చూడుండ్రి సాబ్. రంగను తీస్కుంటే వాడు మంచోడు అని మనమే ఒప్పుకున్నట్టు. అప్పుడు అందరు గిదే సవాల్ అడుగుతరు, కొట్టింది ఎవరు అని. తీస్కోకుంటే ఎవరు అడగరు. కాని కప్పు పోతది. కప్పు పోతే టికెట్ పోతది."

విజయకుమార్ గారు కళ్లు మూసుకున్నారు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు మిల్లులో హమాలీలు కూడా బస్తాలు మెల్లగా దించుతారు. టీ చల్లారకముందే ఆయన కళ్లు తెరిచారు. ఈ రాష్ట్రంలో అంతవరకు ఏ న్యాయమూర్తికీ తట్టని తీర్పు ఒకటి ఆయనకు తట్టింది.

"రంగాని జట్టులోకి తీసుకుంటాం. అయితే తాత్కాలిక నిర్దోషిగా తీసుకుంటాం. టోర్నమెంటు అయ్యేదాకా వాడు కొట్టలేదు. అయిపోయాక మళ్లీ అనుమానితుడే."

రంగాను లోపలికి పిలిచి తీర్పు వినిపించారు. అతడు బాగా ఆలోచించాడు.

"ఫైనల్ల ఎక్స్‌ట్రా టైం పడితే ఎట్ల సార్?"

"అంతవరకూ పొడిగిస్తాం. మాది రాతి గుండె కాదు."

అంతటితో ఆగితే ఆయన విజయకుమార్ గారు కారు. ఫైనల్ నాడు బాధితుడైన మంజునాథ్‌కు వేదిక మీద శాలువా కప్పాలని కూడా తీర్మానించారు. నిందితుడు మైదానంలో, బాధితుడు వేదిక మీద, మధ్యలో తాను. బసవలింగప్పకు ఆ ఫోటో తప్పకుండా నచ్చుతుంది.

"వద్దు సార్, నాకు నిలబడనీకె రాదు" అన్నాడు మంజునాథ్.

"కుర్చీ వేయిస్తాను కదయ్యా. నువ్వు అడుగు కదపక్కర్లేదు."

*

రంగా వచ్చాక జట్టు గెలుస్తూనే పోయింది. ఫైనల్ ముదగల్ వాళ్లతో పడింది. బాళగనూరు బడి మైదానం నిండిపోయింది. బసవలింగప్ప కారు దిగాడు. వేదిక మీద మంజునాథ్ శాలువా కప్పుకుని, కుడికాలు చాపుకుని కూర్చున్నాడు. ముందు వరుసలో బుల్లెమ్మ కూర్చుంది.

ఇక్కడ ఫైనల్‌కు మొదటి బంతిని అధ్యక్షుడు కొట్టడం ఆచారం. విజయకుమార్ గారు ఏటా ఆ గౌరవాన్ని ఎవరో ఒక పెద్దమనిషికి ధారపోస్తారు. ఆయన చేతిలో హాకీ కర్రను ఎవరూ చూసి ఎరుగరు. ఆటను ప్రేమించేవాడు ఆటను ముట్టుకోనక్కర్లేదని ఆయన అభిప్రాయం. ఆ ఏడు కూడా ఆ గౌరవాన్ని బసవలింగప్పకే ఇవ్వబోయారు.

"నాకెందుకయ్య? అధ్యక్షుడు నువ్వు. నువ్వే హొడీరి, నువ్వే కొట్టాలె" అన్నాడు బసవలింగప్ప.

"నడుం నొప్పండీ."

"నడుం లేనోడు ఎలక్షన్ ఎట్ల చేస్తడ్రీ?"

జనం నవ్వారు. ఇక తప్పలేదు. వేదిక ముందే గీసిన సున్నపు చుక్క మీద రంగా బంతి పెట్టి, కుడిచెయ్యి కిందికి ఉండాలని చూపించి తప్పుకున్నాడు. విజయకుమార్ గారు అట్లాగే పట్టుకుని కొట్టారు. మట్టి లేచింది. బంతి కూర్చునే ఉంది. మళ్లీ కొట్టారు. కర్ర బంతి పైనుంచి మర్యాదగా వెళ్లిపోయింది.

"తాత్కాలిక అధ్యక్షుడు!" అని ముదగల్ వాళ్లలో ఎవడో అరిచాడు. స్ఫూర్తి తన కెమెరాను ఇంకా దగ్గరికి తెచ్చింది. కిష్టయ్య ముదగల్ కోచ్‌తో మాటలు కలిపాడు. బసవలింగప్ప చేతి గడియారం చూసుకున్నాడు. అట్లా చూసుకున్నాడంటే టికెట్ వేరే ఊరికి బయలుదేరినట్టేనని జిల్లాలో అందరికీ తెలుసు.

విజయకుమార్ గారి చేతులు ఆయన్ని అడగకుండానే స్థానాలు మార్చుకున్నాయి. ఎడమచెయ్యి కిందికి వచ్చింది. కర్ర తిరగబడింది. భుజం దాకా లేచి దిగింది.

ఆ చప్పుడుకు బడి గోడ మీది పావురాలు లేచిపోయాయి. బంతి మైదానం దాటి, గోల్ దాటి, వంటగది రేకు తలుపుకు తగిలింది. అంపైరు అలవాటు కొద్దీ ఫౌల్ విజిల్ వేశాడు. జనం లేచి నిలబడ్డారు.

వాళ్ల కన్నా ముందు లేచినవాడు మంజునాథ్.

కుర్చీ ఒకవైపు పడింది, శాలువా ఒకవైపు పడింది. వేదిక మీంచి దూకాడు. మైదానానికి అడ్డం పడి, కంప దాటి, గట్టెక్కి, కాలువ వెంట పరుగే పరుగు. కుడికాలు నేల మీద నిండుగా పడుతోంది. రెండేళ్లలో అతడు అట్లా నడవడమే ఎవరూ చూడలేదు. లెఫ్ట్ వింగ్‌కు పనికొస్తాడని ముదగల్ కోచ్ అన్నాడు.

జనం తలలన్నీ కాలువగట్టు వైపు తిరిగాయి.

"అతను ఎందుకు పరుగెత్తిండు?" అన్నాడు బసవలింగప్ప.

"శాలువాతోని ఉక్క పోసినట్టుంది సాబ్" అన్నాడు కిష్టయ్య.

బుల్లెమ్మ కర్ర వంక చూసింది. దాన్ని పట్టుకున్న చేతుల వంక చూసింది. తర్వాత ఎవరికీ వినపడకూడదన్నట్టు, అందరికీ వినపడేలా అంది:

"ఒరే విజయా, చెయ్యి మార్చుకోరా."

రంగా దగ్గరికి వచ్చి, రెండు చేతులా మర్యాదగా కర్ర తీసుకున్నాడు. వీపు వైపు తిప్పి బొటనవేలితో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

"గుండ్రం దిక్కుతోని కొట్టినరు సార్" అన్నాడు. "ఫౌల్."

*

పున్నయ్య క్యాంపు గెలిచింది. గోల్స్ అన్నీ రంగావే. ఆఖరి విజిల్ మోగగానే తీర్మానం ప్రకారం అతడు మళ్లీ అనుమానితుడయ్యాడు. అతడు లేకుండానే జట్టు ఫోటో దిగింది.

లస్కరు కాలు సంపూర్ణంగా నయమైందనీ, ఆ ఘనత తమ సంఘం చేసిన సన్మానానిదేననీ విజయకుమార్ గారు పత్రికలకు తెలిపారు. మంజునాథ్ మాత్రం ఎక్కడో కాలువ మొదట్లో ఉన్న గేటుకు బదిలీ అడిగి వెళ్లిపోయాడు. ఇప్పుడు క్యాంపు గేటు ఎవరు అడిగినా లేస్తోంది.

బసవలింగప్ప టికెట్ ప్రకటించాడు. "ఇంత గట్టిగ కొట్టెటోడు పార్టీకి కావాలె" అన్నాడు.

అభ్యర్థిగా మొదటి సభ అదే షామియానా కింద జరిగింది. స్ఫూర్తి మళ్లీ వచ్చి మైకు చాపింది.

"సార్, కాలువ గేటు దగ్గర ఆ లస్కరుని..."

విజయకుమార్ గారు ఆ మైకును కుడిచేత్తో అందుకున్నారు.

"నా జీవితం తెరిచిన పుస్తకం. మీరే చెప్పండి. ఇవాళ్టి దాకా నన్ను ఏ కోర్టయినా నిర్దోషి అందా?"

"లేదు!" అన్నారు జనం.

ఈసారి పూరీ పెట్టారు.