ఉత్తుత్తి కబురు

ఆ ఉదయం శ్రీదుర్గ అనుకున్నది చిన్న పనే. తొమ్మిదింటికి పెదనాన్న రామ్మూర్తి గారి అరుగు మీద ముక్తేశ్వరం రైతులకు తన కొబ్బరి దింపు యాప్ చూపించాలి. ఈలోగా పరీక్షలన్నీ ఒకసారి నడిపి చూసుకోవాలి. సొంతంగా చేసిన మొదటి యాప్. ఇది నలుగురికీ నచ్చకపోతే మళ్లీ హైదరాబాదు ఉద్యోగానికి పోవాల్సిందే.

రైతు యాప్‌లో నొక్కితే, చెట్టెక్కి కాయలు దించే దింపువాళ్ల ఫోన్లకు కబురు వెళ్తుంది. పరీక్షించేటప్పుడు మాత్రం కబురు పంపే భాగానికి బదులు, పంపినట్టు నటించే డమ్మీని అందించాలి. ఎప్పుడు ఏది అందించాలో ఒక ఫైల్లో రాసుకుంటారు. దానికి డిపెండెన్సీ ఇంజెక్షన్ అని పెద్ద పేరు. అది సరిచూశావా అని స్నేహితుడు సుధీర్ ముందురోజు అడిగితే, చూడకుండానే చూశానంది.

ఆరింటికి పరీక్ష నడిపింది. ఏడింటికల్లా పక్కనే ఉన్న పెదనాన్న ఇంటి ముందు పన్నెండుమంది దింపువాళ్లు దిగారు. ఆ ఫైల్లో డమ్మీ మాటే లేదు. పైగా పరీక్ష కోసం ఆయన తోట చిరునామానే, దింపువాళ్ల అసలు నంబర్లనే వాడింది మహాతల్లి. ఆ తోటలో దింపు అయి వారం కాలేదు. చెట్లకు పిందెలు తప్ప ఏమీ లేవు.

పిలవలేదని చెప్పడానికి పెదనాన్నకు మొహమాటం. పెద్దమ్మ పిలిచి ఉంటుందనుకుని వాళ్లను టిఫిన్‌కి కూర్చోబెట్టారు. ఆయనే పిలిచారనుకుని పెద్దమ్మ మళ్లీ పిండి రుబ్బింది.

శ్రీదుర్గ ఇదంతా కిటికీలోంచి చూసింది. తప్పు తనదేనా అని తేల్చుకోవడానికి పరీక్ష మళ్లీ నడిపింది. పన్నెండు జేబుల్లో పన్నెండు ఫోన్లూ ఒక్కసారే మోగాయి.

"మళ్లీ రమ్మని కబురెట్టేరండి," అన్నాడు దింపువాళ్ల మేస్త్రీ వీర్రాజు నొచ్చుకుంటూ. "తినడం ఆపేసి చెట్టెక్కమంటారా అండీ?"

పెదనాన్న ముఖం చిన్నబోయింది. తింటున్న మనిషిని లేపారన్న మాట ఆ ఇంటి మీద ఎప్పుడూ రాలేదు. శ్రీదుర్గకు సిగ్గుతో చచ్చినంత పనైంది. వెళ్లి ఆయన ముందు తల దించుకు నిలబడింది.

"పంపింది నేనే పెదనాన్నా. సరిచూడకుండానే చూశానని చెప్పేను."

ఆయన తిట్టినా బాగుండేది. "నేను పిలిస్తే ఇద్దరైనా రారమ్మా. నీ కబురుకి పన్నెండుమందొచ్చేరు," అని మురిసిపోయారు. అందరి ముందూ తానే నొక్కుతానని, దింపువాళ్లను కూడా ఉండి చూడమని చెప్పారు.

శ్రీదుర్గ పరుగున వెళ్లి ఫైలు దిద్దింది. ఇంకో కబురు పోతే ముఖం ఎక్కడ పెట్టుకోవాలన్న కంగారులో, డమ్మీ అని రాయగలిగిన చోటల్లా రాసింది.

తొమ్మిదింటికి రైతులంతా చూస్తుండగా పెదనాన్న నొక్కారు. కబురు వెళ్లిందని తెర మీద వచ్చింది. ఎదురుగా కూర్చున్న పన్నెండుమందీ జేబులు తడుముకున్నారు. ఒక్క ఫోనూ మోగలేదు. డమ్మీ అసలు యాప్‌లోకి కూడా వెళ్లి కూర్చుంది.

"సిగ్నల్ లేదేమోనండి," అన్నాడు వీర్రాజు, తిన్న ఇంటి పిల్ల పరువు కాపాడదామని.

ఎవరి ముఖమూ చూడలేక శ్రీదుర్గ ల్యాప్‌టాప్‌లో తల దూర్చింది. అందులో మాత్రం పరీక్షలన్నీ పాస్.