ఫాదర్‌కి ఇంకా టైముంది!

డిక్షనరీని మొదటి పేజీ నుంచి వరసగా బట్టీ పట్టించడమే ఇంగ్లీషు నేర్పడానికి ఉత్తమోత్తమ మార్గం. నవ్వకండి! ఇల్లు కట్టేవాడు పునాది నుంచి మొదలెట్టడూ?

గవర్నర్‌పేటలో మా రామకోటేశ్వరరావు మాస్టారి స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లో జరిగేది అదే. రోజుకు ముప్పై మాటలు, ఒక్కోటి పదిసార్లు రాత. ఇంకా రాని పాఠంలో మాట వాడితే నూరుసార్లు ఇంపోజిషన్! ‘ఏ’ చదివేవాడికి దాహమేస్తే? వాటర్ ‘డబ్ల్యూ’లో ఉంది, ఆగాలి. పిల్లలకు ఓర్పు ఇంకెవరు నేర్పుతున్నారండీ?

చల్లపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే హేమ క్లాసుకే ఫస్టు. తండ్రి పోతురాజుకు రొయ్యల చెరువు దగ్గర కాపలా పని. గట్టు మీద నడుస్తూనే ఏ చెరువుకు ఏం జబ్బో చెప్పేస్తుందా పిల్ల. కానీ తెలుగులో! అదీ ఒక చదువేనా?

‘సి’ పూర్తయ్యేసరికి రొయ్యల మేత కంపెనీ హేమను ఇంటర్వ్యూకి పిలిచింది. చెరువుల వెంట తిరిగి రైతులతో మాట్లాడే ఉద్యోగం. ఇంట్లో ఎవరెవరున్నారని ఇంగ్లీషులో అడిగారు. ఆంట్, బ్రదర్, కజిన్ అని చెప్పి ఆగిపోయింది హేమ. ‘ఫాదర్’ నోటిదాకా వచ్చింది గానీ, ఇంపోజిషన్ గుర్తొచ్చి మింగేసింది.

“తల్లీ తండ్రీ లేరా? అయ్యో పాపం!” అని జాలిపడ్డారు పెద్దలు. ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు.

బయట బెంచీ మీద పోతురాజు క్యారియర్ పట్టుకుని కూర్చున్నాడు.

“నా గురించి అడిగారా అమ్మా?”

“అడిగారు నాన్నా.”

“బాగా చెప్పావా మరి?”

హేమ భోరుమంది. ‘క్రై’ కూడా ‘సి’లోనే ఉంది కనక మాస్టారు తప్పు పట్టరు లెండి.

ఉద్యోగం అదే సెంటర్లో ‘జెడ్’ దాకా చదివిన వన్ టౌన్ దుర్గాప్రసాద్‌కి దక్కింది. రైతుల చెరువు మాటలు ఒక్కటీ అర్థంకాక, ఆయన రోజూ పొద్దున్నే హేమ దగ్గరికొస్తున్నాడు. హేమ చెరువులోంచి రొయ్యను తీసి ఆయన అరచేతిలో పెడుతుంది.

“నొక్కి చూడండి, మెత్తగా లేదూ? పాత పొట్టు వదిలిందండీ, సరిగా తినదు. ఇవాళ మేత తగ్గించాలని చెప్పండి.”

ఒక్కసారికే వచ్చేస్తోందట! రాత లేదు, ఇంపోజిషన్ లేదు, అక్షరాల వరస లేదు. ఛీ, ఇదేం పాఠమండీ!

మొన్న కంపెనీవారు దుర్గాప్రసాద్‌కి శాలువా కప్పారు, రైతులకు అర్థమయ్యే మాటల్లో చెబుతున్నందుకు. ఎవరి దగ్గర నేర్చుకున్నావయ్యా అని అడిగితే, ఆయన లేచి నిలబడి, మాస్టారి పేరు చెప్పాడు.