ఫెయిల్ గడి లేని పరీక్ష

చదువు రాలేదని బాధపడేవాళ్లంతా తొందరపాటు మనుషులు. చదువు రావడం, రాకపోవడం ఎవరి చేతిలోనూ లేదు. పాస్ చేయడం మాత్రం మన విద్యా వ్యవస్థ చేతిలో ఉంది. ఆ విషయంలో అది మనల్ని ఎన్నడూ నిరాశపరచలేదు!

ఎంత చక్కటి ఏర్పాటో చూడండి. బడిలో చేరిన పిల్లల్ని ఎనిమిదో తరగతి దాకా ఎవరూ ఆపరు. ఆ తర్వాత హోసూరు రోడ్డు పొడవునా కాలేజీలు ఫ్లెక్సీలు కట్టి మరీ రమ్మని బతిమాలుతాయి. డిగ్రీ చేతికొచ్చాక ఫ్యాక్టరీవాళ్లు ట్రైనింగ్ అని పేరు పెట్టి, అన్నీ మళ్లీ మొదటినుంచి నేర్పుతారు. అసలు బడి గడపే తొక్కనివాళ్ల గతేమిటంటారా? బెంగ వద్దు, వయోజన విద్య ఉంది.

తమిళనాడులో అంచెట్టి దగ్గరి పల్లెలో ఆవులు మేపుకునే నాగక్కకు యాభై ఎనిమిదో ఏట ఈ భాగ్యం పట్టింది. ఆమె కోరిక చిన్నదే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బస్సు బోర్డు మీద ఉండేది తమిళం. ఒకసారి అంచెట్టి బస్సనుకొని తళి బస్సెక్కి, పాలు పితికే వేళకు ఇల్లు చేరలేకపోయింది. ఇక ఎవరినీ అడగకుండా బస్సెక్కాలని పట్టుబట్టింది. సాయంత్రం ఆవుల్ని కట్టేసి, పలక పట్టుకొని తమిళ అక్షరాలు నేర్పే క్లాసుకు పోయేది. డిగ్రీ చదివిన భువన పాఠం చెప్పేది.

క్లాసు ఆరు నెలలు. మూడో నెలలోనే పైనుంచి కబురొచ్చింది. లక్ష్యం పూర్తి కావాలట, వచ్చే ఆదివారమే పరీక్షట!

అప్పటికి నాగక్కకు వచ్చింది తన పేరొక్కటే. అది రాసి, తక్కిన పేపరంతా తెల్లగా వదిలేసింది. ఫెయిలైతే ఇంకో మూడు నెలలు కూర్చోవచ్చని ఆశ. వారం తిరక్కముందే ఆఫీసరు పురుషోత్తం శాలువా, సర్టిఫికెట్ పట్టుకొని జీపు దిగాడు.

అప్పుడు నాగక్క, చదువుకున్నవాళ్లెవరూ చేయని పని చేసింది. సర్టిఫికెట్ వెనక్కి ఇచ్చేసింది.

"నేనేమీ రాయలేదు గదప్పా. నన్ను ఫెయిల్ చేసేయప్పా."

"మార్కులెక్కించే యాప్‌లో ఫెయిల్ అనే గడే లేదమ్మా" అన్నాడాయన ఓపికగా.

"అట్లయితే క్లాసన్నా పెట్టప్పా. బస్సు బోర్డు ఇంకా చదివేదానికి రాలేదు."

"నీకు చదువొచ్చినట్టు ఎక్కించేసినామమ్మా. చదువొచ్చినోళ్లకి క్లాసు యాడుంది?"

న్యాయమైన ప్రశ్నే! నాగక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. సన్మానాల్లో అది మామూలే. ఫోటో బాగా వచ్చింది.

పురుషోత్తం కఠినుడేమీ కాదు. పైగా ఆయనకూ ఒక చిక్కుంది. వచ్చే ఏడాదికి కొత్త లక్ష్యం వచ్చింది, భువనకేమో హోసూరు ఫ్యాక్టరీలో పని దొరికింది. పాఠం చెప్పడానికి ఊళ్లో సర్టిఫికెట్ ఉన్న ఆడమనిషి ఒకరు కావాలి. ఆయన నాగక్కను తేరిపార చూశాడు.

"వచ్చే ఏడు టీచరమ్మవి నువ్వే."

పాఠకులారా, ఏ విశ్వవిద్యాలయమైనా ఇంత వేగంగా శిష్యురాలిని గురువును చేయగలదా?

నాగక్క అడిగింది ఒక్కటే.

"టీచరైతే క్లాసుకి రానిస్తారా?"

"రానివ్వకుండా ఎట్లమ్మా? తాళంచెవి కూడా నీ దగ్గరే ఉంటాది."

"అట్లయితే సరేప్పా" అంటూ ఆమె పలకను కొంగుతో తుడుచుకుంది. "ఆడ నాకు పాఠం చెప్పేదెవరు?"