మజ్జిగ కుండ కింది రింగు

ఆదివారం పొద్దున చేయవలసిన పనులన్నీ హులిగెమ్మ ముందురోజే నోటుబుక్కులో రాసిపెట్టుకుంది. తెల్లారకముందే లేవాలి. జడ గట్టిగా వేసుకోవాలి. రింగు తీసుకుని కళ్లం దగ్గరికి పోవాలి. ఎవరైనా ఏదైనా అడిగితే హనుమంతమ్మ వైపు చూడాలి.

ఆ రోజు రింగాట పందేలు. ఒకే బడిలో చదివే నాలుగు ఊళ్ల స్నేహితురాళ్లు, ఊరికి ఇద్దరు చొప్పున, నాలుగు జట్లుగా ఆడాలని నెల రోజులుగా అనుకుంటున్నారు. నడుమ మంచపు తాడు కడతారు. ఇవతలి వాళ్లు విసిరిన రబ్బరు రింగును అవతలి వాళ్లు నేల మీద పడకుండా ఒడిసి పట్టుకోవాలి. హులిగెమ్మ జోడీ హనుమంతమ్మ. ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడుతుంది.

రింగు బడిది. అప్పట్లో రాజధాని అయిన కర్నూలు నుంచి శాంతయ్య అయ్యవారు తెప్పించిన ఒకే ఒక్క రింగు. అది పోతే ఆడపిల్లలకు మరొకటి రాదని ఆయన ముందే చెప్పాడు. దాచే పని హులిగెమ్మకు అప్పగించడానికి కూడా కారణం ఉంది. ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడదు కాబట్టి, ఎవరూ రింగు అరువు అడగలేరని ఆయన లెక్క.

పొద్దున లేచి చూస్తే కొయ్యకు తగిలించిన సంచిలో రింగు లేదు.

"అవ్వా, సంచిలో నల్లది, గుండ్రంగా..." అంది హులిగెమ్మ.

చల్ల చిలికిన కవ్వం కడుగుతున్న ఈరక్క తల ఎత్తలేదు. "ఆ రబ్బరు కుదురా? శానా బాగుండాదే. మన చేన్లో శెనక్కాయ పెరికే కూలోళ్లకు పక్కింటి గిడ్డమ్మ మజ్జిగ తీసకపోతాంటే, నెత్తిన కుండ కింద పెట్టుకోమని ఇచ్చినా."

"అది బడిది అవ్వా."

"బడికి కుదురెందుకే? మీ అయ్యవారేమన్నా కుండలు మోస్తాడా?"

హులిగెమ్మ మూలనున్న గడ్డి కుదురు ఒకటి అందుకుని పరుగెత్తింది. ఇది ఇచ్చి అది తెచ్చుకుంటే సరిపోతుంది. గిడ్డమ్మ దారిలో పలకరించకుండా దాటే గడప లేదు కనుక, అడ్డదారిన పోతే చేను దగ్గర ఆమె కంటే ముందే ఉండవచ్చు. కానీ ఆ అడ్డదారి కళ్లం మీదుగానే పోతుంది. అక్కడ నాలుగు ఊళ్ల పిల్లలూ చేరి ఉన్నారు. మెడలో ఈల వేసుకుని శాంతయ్య అయ్యవారు నిలబడి ఉన్నాడు.

"రా హులిగెమ్మా. రింగు తీ."

హులిగెమ్మ చేతిలో ఉన్నదే చాపి, హనుమంతమ్మ వైపు చూసింది.

హనుమంతమ్మ గడ్డి కుదురును చూసింది, హులిగెమ్మ ముఖాన్ని చూసింది. "అది చెయ్యి సాగేదానికి సార్. మంచి రింగు అరగకూడదని మొదట దీంతో ఆడదామనుకున్నాము."

అయ్యవారు మెచ్చుకున్నాడు. "బడి సొమ్ము మీద ఇంత జాగ్రత్త ఎవరికుంటుంది? మీరూ నేర్చుకోండి," అని తక్కిన పిల్లలకు చెప్పి ఈల ఊదాడు.

కుదురు గాలిలోకి లేచింది. నాలుగో విసురుకు పురి విడింది, ఏడో విసురుకు గడ్డిపోచలై అయ్యవారి తల మీద రాలింది. ఆయన ఓపిగ్గా ఏరుకుని, "చేతులు సాగినట్టుండాయి. ఇంక మంచిది తీయండి," అన్నాడు.

సరిగ్గా అప్పుడే, పిల్లల అరుపులు విని, కళ్లం గట్టు మీదికి గిడ్డమ్మ వచ్చింది. నెత్తిన కుండ, కుండ కింద నల్లగా బడి రింగు.

అయ్యవారి చేతిలోని గడ్డి జారిపోయింది. "అదేంది?"

హులిగెమ్మ మళ్లీ హనుమంతమ్మ వైపు చూసింది.

"ఎండకు రబ్బరు మెత్తబడుతాది గదా సార్. సల్లగా ఉండాలని మజ్జిగ కుండ కింద పెట్టి తెప్పిస్తాండాము."

అయ్యవారు కుండ చుట్టూ తిరిగి చూశాడు. "ఇది నాకు తట్టలేదు సుమా," అన్నాడు.

గిడ్డమ్మ మాత్రం రింగు ఇవ్వలేదు. "ఇంత మెత్తని కుదురు నేను పుట్టినాక చూడలేదు. ఈరక్క ఇచ్చింది, ఈరక్కకే ఇస్తా."

"గుడ్డ సుట్టుకోరాదా అత్తా?" అంది హనుమంతమ్మ.

"నీ నెత్తిన కుండ పెట్టుకుని నువ్వు సుట్టుకో. కుండ ఖాళీ అయ్యేదాకా ఇది నా నెత్తి దిగదు."

ఆ మాటతో దారి దొరికింది. పిల్లలంతా దోసిళ్లు పట్టారు. గిడ్డమ్మ నెత్తిన కుండతోనే గట్టు మీద కూర్చుంది, ఇద్దరు కుండ పట్టుకున్నారు, ఒకతె చెంబుతో ముంచి పోసింది. మజ్జిగలో ఉప్పు, పచ్చిమిరపకాయ సరిగ్గా కుదిరాయి. అయ్యవారు కూడా బడి సొమ్ము కోసమని మూడు చెంబులు తాగాడు. నాకూ పోయమని అడగలేక హులిగెమ్మ ఒక్కతే తాడు కట్టిన గుంజ పక్కన నిలబడిపోయింది.

చివరి చెంబు అయిపోగానే రింగు చేతికి వచ్చింది. అదే సమయానికి మజ్జిగ ఏమయిందోనని వెతుక్కుంటూ హులిగెమ్మ తండ్రి పుల్లన్న, అతని వెనక ఆరుగురు కూలీలు వచ్చారు. పుల్లన్న కుండలోకి తొంగి చూశాడు.

"ఎవరు తాగినారు?"

"రింగు కోసరం తాగినాము," అన్నాడు అయ్యవారు, మీసం తుడుచుకుంటూ.

మజ్జిగ లేకుండా మళ్లీ చేనికి నడవడం కూలీలకు ఇష్టం లేదు. అందరూ గట్టు మీద కూర్చుని ఆట చూశారు.

ఆట మొదలయ్యాక తెలిసింది, కడుపు నిండా మజ్జిగ తాగినవాళ్లు వంగలేరని. పై ఊరి జట్టు రెండడుగులు వేసి నిలబడిపోయింది. ఇంకో జట్టులో ఒకతె ఆవులిస్తుండగా రింగు పక్కనే పడింది. హనుమంతమ్మ అయితే గుంజకు ఆనుకుని, "నువ్వే పట్టుకోవే, నేను అరుస్తా," అంది. హులిగెమ్మ ఒక్కతే కళ్లమంతా తిరిగింది. వచ్చినదాన్ని వచ్చినట్టే పట్టి, ఎవరూ లేని చోటికి విసిరింది. మధ్యాహ్నానికి మూడు జట్లూ ఓడిపోయాయి.

"ఇది మన పిల్లేనా?" అని పుల్లన్న గిడ్డమ్మను అడిగాడు. ఇంటికి పోయేటప్పుడు ఖాళీ కుండ తనే మోశాడు. సగం దారిలో, "పై ఆదివారం రెండు కుండలు చేయమని మీ అవ్వకు చెప్తా," అన్నాడు. హులిగెమ్మ తల ఊపింది. కొంచెం దూరం పోయాక, "ఒకటి నాకు," అంది.

సోమవారం పొద్దున రింగు బడికి క్షేమంగా చేరింది. శాంతయ్య అయ్యవారు దాన్ని చేతుల్లోకి తీసుకుని, హులిగెమ్మ తెలివిని పది మందిలో పొగిడి, ఎండకు మెత్తబడకుండా తన గదిలోని మంచినీళ్ల కుండ కింద పెట్టాడు.

ఆ తరువాత ఆ బడిలో ఎవరు రింగాట ఆడాలన్నా ముందు కుండెడు నీళ్లు తాగవలసి వచ్చింది.