వెండి నాణెం మీద సీతాకోక

ఒక పెద్ద అడవిలో పంచాయతీ బొక్కసానికి అధికారి జంబయ్య అనే నక్క. బొక్కసం ఎప్పుడూ ఖాళీయే. జంబయ్య పొట్ట మాత్రం ఎప్పుడూ నిండుగానే ఉండేది.

ఒకసారి జంబయ్యకి ఓ ఉపాయం తట్టింది. వెండి నాణేలు పోయించి, వాటి మీద అడవి సీతాకోకచిలుకల బొమ్మలు వేయించాలి. వెల, నాణేనికి బుట్టెడు పళ్లు.

"వాటితో ఏం కొనుక్కోవచ్చు?" అన్నాడు సర్పంచి ఎలుగుబంటి భల్లయ్య.

"ఏమీ కొనకూడదండీ. దాచుకుని మురిసిపోవాలి."

భల్లయ్యకి అర్థం కాలేదు. అందుకే వెంటనే ఒప్పుకున్నాడు.

సీతాకోకచిలుకలు పొంగిపోయాయి. "నా ఎడమ రెక్క కాస్త చిరిగింది నాయనా, కుడి పక్క నుంచి వేయించు" అంది నీలి అనే పెద్దావిడ.

నాణేలు ధగధగలాడాయి. ఒక్కటీ అమ్ముడుపోలేదు.

"అసలుది వచ్చి నా ముక్కు మీదే వాలుతుంటే, బొమ్మకి బుట్టెడు పళ్లా?" అని కొండముచ్చు నవ్వేసింది.

ఆ నవ్వు జంబయ్యకి గుచ్చుకుంది. తెల్లారేసరికి దండోరా వేయించాడు: సంరక్షణ నిమిత్తం సీతాకోకచిలుకలన్నిటినీ గుహలోకి తరలిస్తున్నాం!

"మాకేమైందని?" అంది నీలి.

"ఇంకా ఏమీ కాలేదమ్మా. కాకముందే కాపాడటం మా గొప్పతనం" అని జంబయ్య గుహకి బండ అడ్డం పెట్టించాడు.

అడవి వెలవెలబోయింది. అప్పుడు మొదలైంది గిరాకీ. కొండముచ్చు రెండు బుట్టలు మోసుకొచ్చింది. "పిల్లలకి చూపించాలిగా, సీతాకోకచిలుక ఎలా ఉండేదో!"

జంబయ్య బొరియ పళ్లతో నిండిపోయింది. మిగిలినవి కుళ్లిపోయాయి.

చెట్లు పూశాయి. పూలు రాలాయి. వాటి మీద వాలేవాళ్లు లేక ఒక్క పిందె కూడా పడలేదు. ఆకలితో పిల్లలు ఏడుస్తుంటే అందరూ నాణేలు విసిరికొట్టారు. "మా సీతాకోకలు మాకిచ్చెయ్!"

బండ తొలగిస్తే గుహలో ఎవరూ లేరు. వెనక గోడలో చిన్న పగులు. అందులోంచి అన్నీ ఏనాడో పక్క అడవికి వెళ్లిపోయాయి.

భల్లయ్య జంబయ్య తోక వంక చూశాడు. కుచ్చులా భలేగా ఉంది.

మళ్లీ పూత వచ్చినప్పట్నుంచి కొండముచ్చు జంబయ్య మెడ పట్టుకుని చెట్టు పైకి లాగడం, జంబయ్య వణుకుతూ పువ్వు పువ్వుకీ తోకతో పుప్పొడి రాయడం. నడుం విరిగింది గానీ, నాలుగు పిందెలు పడ్డాయి.

భల్లయ్య పరవశించిపోయాడు. "జంబయ్యా! నీ సేవకి గుర్తుగా నీ బొమ్మతో వెండి నాణెం వేయించాలని తీర్మానించాం!"

జంబయ్య తోకకున్న పుప్పొడైనా దులుపుకోలేదు. కొమ్మ మీంచి దూకి, పక్క అడవి వైపు పరుగందుకున్నాడు.

నీతి: ఎవరైనా మీ కళ్లెదుట హాయిగా బతకాలని ఉంటే, దయచేసి వాళ్లకి సన్మానం మాత్రం చేయకండి.